అడవి లెక్కలు - అడవి శాస్త్రము

ఏటేట తొలకరి వానలు పడుసరికి మనదేశమున వనమహోత్సవము వచ్చును. 1950లో కేంద్రమంత్రిగా నుండిన కె. ఎం. మున్షీగారు దేశమంతటికి దీనిని ఏర్పరచిరి. ఆనాడు అధికారులు వత్తురు. పాఠశాలల బాలబాలికలు బారులు తీరుదురు. గుంతలలో మొక్కలు నిలిపి నాలుగు చెంబుల నీరు పోసి ఛాయాచిత్రము తీయింతురు. నాటిన మొక్కల లెక్క మఱునాటి పత్రికలలో కనబడును. మూడవ వేసవి గడచునాటికి వానిలో నెన్ని బ్రదికియున్నవో ఆ లెక్క మాత్రము పత్రికలయందు గానరాదు. మన పఠనాలయములకు నిత్యము వచ్చు పెద్దలు ఈ రెండవ లెక్కను ఎన్నడైన అడిగియుందురా? అడిగినచో చెప్పువా రెవరు?

మొక్కలు నాటుటను నిందించుట మా యుద్దేశము కాదు. ఏ నేలలో ఏ చెట్టు, ఎంత యెడముగా, ఎంత నీటితో, ఎవరి కాపుదలలో బ్రదుకునో తెలిసికొనుట కొక శాస్త్రము కలదు. ఆ శాస్త్రమును ప్రక్కకు నెట్టి ఉత్సవమును మాత్రము మనము పట్టుకొంటిమి. భూమి వేడెక్కుచున్నదనియు, ఋతువులు గతి తప్పుచున్నవనియు నేడు లోకమంతయు గగ్గోలు పడుచున్నది. 2015లో పారిస్ నగరమున కుదిరిన ఒడంబడిక ననుసరించి మనదేశము, 2030 నాటికి అదనముగా పెంచు అడవుల మూలమునను చెట్ల మూలమునను 250 మొదలు 300 కోట్ల టన్నుల బొగ్గుపులుసువాయువును హరింపజేసెదనని మాట యిచ్చినది. మాట యిచ్చినది ఢిల్లీ. అది చెల్లవలసినది మదనపల్లె కొండలమీద, పుంగనూరు మిట్టలమీద, కుప్పము అడవులలో. సాలీనా సుమారు 700 మిల్లీమీటర్ల వాన, అదియు రెండు ఋతుపవనముల మధ్య చీలి, ఒకయేడు వచ్చి ఒకయేడు మొగము చాటువేయు ఈ పడమటి మండలములలో, మాటకు తగిన పని ఏ విధమున జరుగునో తెలియజెప్పవలసినది అరణ్యపరిశోధనమే. వకీలు వృత్తిలో నున్నవానికి సాక్ష్యము లేని వాదము రుచింపదు. అడవుల విషయమున మనము చిరకాలముగా సాక్ష్యము లేకయే తీర్పులు చెప్పుచున్నాము.

అడవికిని శీతోష్ణస్థితికిని సంబంధము కలదను భావము నిన్నమొన్న పుట్టినది కాదు. మదరాసులో జన్మించిన హ్యూ క్లెగ్‌హారన్ అను వైద్యుడు, ఉష్ణదేశపు అడవుల నాశనమువలన గలుగు ఫలితములనుగూర్చి 1851లోనే బ్రిటిషు శాస్త్రజ్ఞుల పరిషత్తునకు నివేదిక సమర్పించెను. 1856లో అతడే మదరాసు రాజధానికి అరణ్యసంరక్షకుడయ్యెను. పిమ్మట 1882లో మదరాసు అరణ్యచట్టము వచ్చినది. ఆ చట్టము అడవిని కాపాడెనా యను ప్రశ్నకు రెండు జవాబులు కలవు గాని, రైతు భుజముమీది కట్టెమోపును, వాని పశువు నోటిలోని గడ్డిని నేరముగ మార్చెననుటకు రెండు జవాబులు లేవు. 1921లో సహాయనిరాకరణోద్యమము సాగుచుండగా పల్నాటిలోవలెనే మన పొరుగున రాయచోటి తాలూకాలోను ప్రజలు అడవి నిబంధనలను ధిక్కరించిరి. వారికి అడవిపై ద్వేషములేదు. అడవినిగూర్చి తమకు తెలిసినదానిని ఎవరును అడుగకపోవుటయే వారి మనస్సును కలచినది. నాటి శాస్త్రము రైలుదారి దిమ్మెలను, వంటచెరకును లెక్కించుటకు పుట్టిన శాస్త్రము. అది చెట్టును చూచెను, పల్లెను చూడలేదు. నేడు బొగ్గుపులుసువాయువు లెక్కలకై పుట్టుచున్న క్రొత్త శాస్త్రము ఆ పాత గుడ్డితనమును తిరిగి తెచ్చుకొనకుండ చూచుట మనవంతు.

పరీక్షింపక నాటినచో నేమగునో తెలిసికొనుటకు మనము దూరదేశములకు పోనక్కరలేదు. సర్కారు తుమ్మను ఎఱుగనివారు మన జిల్లాలలో లేరు. 1877లో జమైకాదీవినుండి వచ్చిన విత్తనములతో ఇది కడపజిల్లా కమలాపురమున నాటబడెను. వంటచెరకు కఱవు తీరునని ఆనాటి అరణ్యాధికారుల ఆశ. ఆశ తీరలేదని యనరాదు. ఎండిన సీమలో బీదల పొయ్యి వెలిగినది, బొగ్గు కాల్చుకొని బ్రదికినవారును కలరు. కాని దాని తియ్యని కాయలను మేకలును పశువులును తిని, విత్తులను చెఱువు కడుపులలోను, వంక గట్లమీదను, బీళ్లలోను చల్లినవి. నాటినవాడు ఒకచోట నాటెను. అది వేయిచోట్ల మొలచెను. నేడు పూడిక తీయదలచిన ప్రతి గ్రామమును మొదట తుమ్మకంప కొట్టుటకు కూలి వెదకవలసియున్నది. ప్రజలు దానికి పెట్టిన పేరులోనే సర్కారున్నది. పరాయిచెట్టు నొకదానిని క్రొత్తనేలకు తెచ్చునపుడు, అది ఎట్లు బ్రదుకునో మాత్రమే కాక ఎట్లు వ్యాపించునో కూడ పదేండ్లు చిన్న మడిలో చూచుకొనవలెనను నియమము ఆనాడున్నచో కథ వేఱుగా నుండెడిది.

రెండవ సాక్షి నీలగిరి, మనవారు జామాయిలు అనునది. దక్షిణదేశమున దీనిని మొదట నందికొండమీద టిప్పుసుల్తాను నాటించెనని ప్రతీతి. మదనపల్లె చెంత హార్స్‌లీ కొండమీద 1859లో నాటిరని చెప్పు కల్యాణి యను నీలగిరి మహావృక్షమును చూచుటకు యాత్రికులు నేటికిని పోవుదురు. కొండమీది ఒక్కచెట్టు ముచ్చటయే. కాని పొలములకు పొలములు ఆ తోటలైనపుడు ఊరి నీటికేమగును? ఈ ప్రశ్నపై కర్ణాటకమున ఏండ్లతరబడి వాదులాట జరిగినది. తీర్చినది వాదులాట కాదు, కొలత. పుంగనూరునుండి ములబాగలు, కోలారుల మీదుగ బెంగుళూరు పోవువారికి హొసకోట తెలియును. 1980 దశకపు తుదినుండి ఇంగ్లండు జలశాస్త్రజ్ఞులును, కర్ణాటక అరణ్యశాఖవారును కలసి అక్కడి జామాయిలు తోటలలో చెట్టు త్రాగు నీటిని కొలిచిరి. లోతైన నేలగల ఆ పొలములలో లేతతోటలు ఆ యేటి వానకంటె ఎక్కువ నీటిని వాడుకొనుచున్నట్లు తేలినది. అదెట్లు సాధ్యము? వేళ్లు ఏటేట లోతునకు దిగి, పూర్వపు వానలు నేలలో దాచిన నీటిని పీల్చుకొనుటచేత. అదే పరిశోధనలో, నేల లోతులేని వేఱొకచోట జామాయిలు అచ్చటి స్వదేశపు ఆకురాల్చు అడవికంటె ఎక్కువ నీరు త్రాగలేదనియు కనబడినది. కనుక చెట్టు రాక్షసియు కాదు, దేవతయు కాదు. నేల లోతునుబట్టి, ప్రక్కనున్న పైరునుబట్టి దాని నడవడి. కర్ణాటక ప్రభుత్వము 2017లో నీలగిరి నాటుటను నిషేధించినది. హొసకోటకును మనకును మధ్య ఎంత దూరము! అక్కడి కొలత ఫలితములు మన రైతుల చెవిని ఏమాత్రము పడినవో పాఠకులే యూహింతురుగాక.

ఇక్కడ ఒక కటువైన సత్యమును చెప్పవలసియున్నది. చెట్లు నాటినచో వానలు కురియును, బావులు నిండునని సభలలో మనమందఱము చెప్పుచుందుము. 1982లో బాష్, హ్యూలెట్ అను శాస్త్రజ్ఞులు ప్రపంచమున 94 పరీవాహకములలో జరిగిన పరీక్షలను కూడబెట్టి చూడగా, చెట్లు పెరిగినచోట ఏటి నీరు సామాన్యముగా తగ్గుచున్నట్లును, కొట్టినచోట పెరుగుచున్నట్లును తేలినది. చెట్టు నీటిని త్రాగును గదా! అట్లయిన చెట్లు కొట్టివేయుదమా? కానేకాదు. బోడిగుట్టమీద పడిన వాన నేలలోనికి ఇంకక, మన్నును గోకుకొని పరుగెత్తును. ఆకురాలి కుళ్లి, వేళ్లు చీల్చి, చీమయు వానపామును తొలిచిన నేలయే నీటిని మ్రింగగలదు. త్రాగుట యొకవైపు, ఇంకించుట యొకవైపు; ఈ రెండింటి తూకము ఏ సాంద్రతవద్ద లాభమునకు మొగ్గును? ఆఫ్రికాఖండమున బుర్కినా ఫాసో దేశములో, మనవంటి మెట్టసీమలో, ఈ తూకమును పరీక్షించి 2016లో ప్రకటించిరి. చెట్లు బొత్తిగా లేనిచోటను గాక, క్రిక్కిఱిసినచోటను గాక, నడిమి సాంద్రతగల చోటనే భూగర్భమునకు నీరు ఎక్కువగా దిగుచున్నదట. వేయి అడుగులు తొలిచినను ధూళి తప్ప చుక్క రాని బోరుబావులకు అప్పు చేసిన రైతులు నిండిన మన మండలములకు ఇంతకంటె ముఖ్యమగు శాస్త్రవార్త మఱొకటి యున్నదా? ఆ నడిమి సాంద్రత మన గుండ్రాళ్ల గుట్టలమీద ఎంత? హెక్టారునకు వందయా, నాలుగు వందలా? బుర్కినా ఫాసో లెక్క మనకు సరిపోదు. ఇక్కడనే కొలువవలెను.

కొలువకపోయినచో వచ్చు నష్టము మన పొలిమేరవద్ద ఆగదు. మదనపల్లె బాహుదా క్రిందికి పోయి పింఛాతో కలసి చేయ్యేరు అగును. 2021 నవంబరు 19వ తేదీన ఆ చేయ్యేటిపైని అన్నమయ్య జలాశయపు మట్టికట్ట తెగి, క్రింది పల్లెలు కొట్టుకొనిపోయి, పదులకొలది జనులు ప్రాణములు కోల్పోయిరి. పింఛా జలాశయమునకును ఆ వరదలోనే గండిపడినది. అంతటి మహావర్షమును అడవి ఆపియుండునని చెప్పుట శాస్త్రసమ్మతము కాదు; చిన్న వరదలను అడవి తగ్గించును గాని పెద్దవానిని ఆపజాలదని పరిశోధకులే చెప్పుదురు. తలుపుల మరమ్మతును, కాపలాను మఱచినవారికి అడవి పేరు సాకుగా ఇయ్యరాదు. అయినను ఎగువ గుట్టలనుండి ఏటేట ఎంత మన్ను దిగి జలాశయముల కడుపు నింపుచున్నది, ఒక గంటలో ఎంతవాన పడినచో ఏ వంక ఎంత పొంగును అను లెక్కలు ఎగువనున్న మనవద్ద నుండవలసినవి. కుప్పము వైపున పాలారు సంగతియు నిట్టిదే. నందికొండలలో పుట్టి మన కుప్పము సీమను దాటి తమిళదేశమునకు పోవు ఆ యేటి నీటికొఱకు 1892 నాటి మదరాసు మైసూరు ఒప్పందమును చేతబట్టుకొని సర్వోన్నతన్యాయస్థానమువరకు పోయితిమి. ఏటి నీటికి వ్యాజ్యమాడిన మనము ఏటి తలనున్న అడవికొఱకు ఒక వానకొలత పాత్రనైన పెట్టితిమా?

బొగ్గుపులుసువాయువు లెక్కకు వత్తము. చెట్టు గాలిలోని ఆ వాయువును గ్రహించి తన దేహముగా మార్చుకొనును. ఎండిన కట్టె బరువులో ఇంచుమించు సగము బొగ్గుపదార్థమే. నేలలో నిలిచినది వేఱు. ఇంతవరకు వివాదము లేదు. వివాదము అడవి యననేమి అనుచోట వచ్చును. డెహ్రాడూనులోని భారత అరణ్యసర్వేక్షణసంస్థ రెండేండ్లకొకసారి ఉపగ్రహచిత్రములనుబట్టి అడవుల నివేదికను వెలువరించును. 2021 నివేదికలో ఆంధ్రప్రదేశమున అడవి 647 చదరపు కిలోమీటర్లు పెరిగినదనియు, దేశమున అదియే ప్రథమస్థానమనియు వచ్చినది. మనమందఱము సంతసించితిమి. కాని ఆ నివేదికలో అడవియనగా, ఒక హెక్టారునకు తక్కువగాక నూటికి పదివంతులైన చెట్లనీడగల యే నేలయైనను అడవియే. అది ఎవరిది, అందున్న చెట్టేది యను విచారణ లేదు. మామిడితోటయు అడవియే, జామాయిలుతోటయు అడవియే. మన పుంగనూరు, మదనపల్లె ప్రాంతముల మామిడితోపులు ఎన్ని అడవులైనవో! మామిడి రైతునకు మేలే, వాయువును గ్రహించుటయు నిజమే. కాని ధర పడిపోయిన యేడు కాయను రోడ్డుమీద పోసి, మఱుయేడు చెట్టునే కొట్టి అమ్ముకొను తోటను వేయేండ్ల చిట్టడవితో ఒకే పద్దున వ్రాయుట ఏ గణకునికి తగును? 1996 డిసెంబరు 12న గోదావర్మన్ వ్యాజ్యములో సర్వోన్నతన్యాయస్థానము అడవి యనుమాటను నిఘంటువులోని అర్థముననుసరించి గ్రహింపుడని ఆదేశించెను. న్యాయవాదులము నిఘంటువుతో తృప్తిపడుదుము. శాస్త్రజ్ఞుడు అట్లు తృప్తిపడరాదు.

ఇంకొక అపాయము దీనికంటె సూక్ష్మమైనది. మన గుట్టలు చూచువారికి బోడిగా, పాడుపడినట్లు కనబడును. రాళ్లు, బోదగడ్డి, కలివిపొదలు, అక్కడక్కడ మోదుగ, చండ్ర, జాలారి. దీనిని క్షీణించిన అడవి యని కాగితములలో వ్రాయుదురు. 2023 అక్టోబరులో ప్రకటింపబడిన గ్రీన్ క్రెడిట్ నిబంధనలు ఇట్టి నేలలలో చెట్లు నాటువారికి క్రెడిట్టు లిత్తుమనినవి. మొదటి పద్ధతిలో హెక్టారునకు 1100 మొక్కలకు తక్కువగాక నాటుటయే గణన. విమర్శలు వచ్చినమీదట 2025లో సవరించి, ఐదేండ్ల పిదప నూటికి నలువదివంతుల నీడ ఏర్పడినపుడే క్రెడిట్టనిరి. బ్రదికినచెట్టును లెక్కించుట మెచ్చదగిన మార్పు. కాని నలువదివంతుల నీడ మా గుట్టల స్వభావమేనా? పొదయు గడ్డియు రాయియు కలిసిన సీమకు తనదైన జీవనము కలదు. పసుపు గొంతుగల పిగిలిపిట్ట దక్షిణభారతమున తప్ప ఎచ్చటను లేదు. హార్స్‌లీ కొండయు, ఋషిలోయయు దాని నివాసములు. అది క్రిక్కిఱిసిన తోటలలో బ్రదుకదు, రాళ్లగుట్టల పొదలలో బ్రదుకును. గొఱ్ఱెల కాపరికి కావలసిన గడ్డియు నీడ దట్టమైనచోట మొలవదు. పుంగనూరు పొట్టియావు జాతి ఇట్టి ఎండు మేతమీదనే తరతరాలుగా నిలిచినదని మఱువరాదు. నేడు ఆ యావును చూచి మురియని పట్టణవాసి లేడు, అది మేసిన గుట్టనుగూర్చి అడిగినవాడును లేడు. గుట్ట పాడైనదో, దాని స్వరూపమే అంతయో తేల్చుటకు పాతచెట్ల కొలతలు, నేలపరీక్షలు, పదునైదిరువది యేండ్ల పరిశీలనము కావలెను. నీలగిరుల చెంత ముదుమలై అడవిలో బెంగుళూరు భారతీయ విజ్ఞానసంస్థవారు 1988లో 50 హెక్టార్ల మడిని గుర్తించి, అందలి ప్రతి చెట్టునకు సంఖ్య కట్టి, ఏటేట ఏది చచ్చినది, ఏది మొలచినది, ఎంత పెరిగినది యని వ్రాసికొనుచున్నారు. కఱవులు, కార్చిచ్చులు, ఏనుగుల త్రొక్కుడు అన్నియు ఆ పుస్తకములో నెక్కినవి. అట్టి మడి, అందులో పదవవంతైనను సరే, మన కొండలకు ఒకటి కావలెను.

ఏనుగుల ప్రసక్తి వచ్చినది గనుక కుప్పము, పలమనేరు రైతుల మాట చెప్పక తీరదు. హార్స్‌లీ కొండ పాతపేరు ఏనుగు మల్లమ్మకొండ. కాని రెండు శతాబ్దములపాటు ఈ సీమలో ఏనుగు కథలలోనే యుండినది. 1980 తరువాతి దశకమున హొసూరు, కృష్ణగిరి అడవులనుండి మందలు దిగినవి. 1990లో సుమారు 357 చదరపు కిలోమీటర్ల మేర కౌండిన్య అభయారణ్యము ప్రకటింపబడెను. నాటినుండి నేటివరకు చెఱకును, వరియు, అరటియు త్రొక్కబడిన రైతులు ఎందఱో; రాత్రి కాపలాకు పోయి తెల్లవారి ఇంటికి రానివారును కలరు. కరెంటు తీగలు తగిలి చచ్చిన ఏనుగులును కలవు. 2023 జూనులో పలమనేరు చెంత బెంగుళూరు రహదారిమీద వాహనము తగిలి మూడు ఏనుగులు ఒక్క రాత్రిలో కూలినవి. కందకములు త్రవ్విరి, ఏనుగులు గట్టు త్రొక్కి పూడ్చి దాటినవి. సౌరవిద్యుత్తు కంచెలు వేసిరి. ఎండుకొయ్యను పడవేసి వచ్చినవి. 2025 మే నెలలో కర్ణాటకము నాలుగు కుంకీ ఏనుగులను మనకిచ్చినది. పలమనేరు దగ్గర ముసలిమడుగున శిబిరము కట్టిరి. తఱుముటకు ఇది తాత్కాలికముగ పనికివచ్చును. తఱిమిన ఏనుగు ఎచ్చటికి పోవలెను? అడవిలో వేసవిని మిగులు మేత ఏది, నీటిగుంటలు ఏ నెలవరకు నిలుచును, వెదురు ఎక్కడ పూచి చచ్చినది, మందలు ఏ దారిని ఏ నెలలో నడచును అను విషయములు అరణ్యపరిశోధనములోనివే. వానలు ఇంకను అస్తవ్యస్తమైనకొలది ఈ మందలు పొలములవైపునకు మఱింత ముందుగ దిగును. నష్టపరిహారపు అర్జీలు వ్రాసియిచ్చు మావంటివారికి పని పెరుగును. అంతకంటె వేఱు లాభము కనబడదు.

ఇన్ని చెప్పినపిమ్మట, మనప్రాంతమున జరిగిన మంచిపనిని దాచుట అన్యాయము. మదనపల్లె చెంత ఋషిలోయ పాఠశాలవారు దశాబ్దములుగా ఎండిన లోయలో చెట్లు పెంచి, ప్రక్కకొండను పశువులనుండి కాపాడి, పక్షులను లెక్కించుచు వచ్చిరి. 1991లో ఆ లోయ పక్షిసంరక్షణస్థలమని ప్రకటింపబడెను. అక్కడ విశేషము నాటుటలో లేదు. ఏ చెట్టు వచ్చినపిదప ఏ పిట్ట వచ్చినదో వ్రాసియుంచుకొనుటలో నున్నది. పాపఘ్ని పరీవాహక గ్రామములలో ఫౌండేషన్ ఫర్ ఎకలాజికల్ సెక్యూరిటీ అను సంస్థ గ్రామస్థుల సంఘములతో కూడి ఉమ్మడి బీళ్లను, గుట్టలను కాపాడు పని చేసినది. ఇట్టి ఉమ్మడి భూములను ప్రజలే నియమములు చేసికొని నిలుపుకొనగలరని చెప్పిన ఎలినార్ ఆస్ట్రమ్ అను విదుషికి 2009లో అర్థశాస్త్రమున నోబెలు బహుమానము వచ్చినది. అదే యేట అశ్విని ఛత్రే, అరుణ్ అగర్వాల్ అను పరిశోధకులు 10 దేశములలోని 80 ఉమ్మడి అడవులను పోల్చి చూచి, నియమములు చేసికొను స్వాతంత్ర్యము స్థానికులకు ఎక్కువగానున్నచోట, అడవి విస్తీర్ణమును పెద్దదైనచోట, బొగ్గుపదార్థపు నిలువయు బ్రదుకుదెరువును రెండును మెఱుగుగా నున్నవని ప్రకటించిరి. 1921లో రాయచోటి రైతు దండుగ కట్టుచు చెప్పినమాట ఎనుబది యెనిమిదేండ్లకు అంకెలతో ఋజువైనది. మదరాసు ప్రభుత్వముకూడ 1913 నాటి అరణ్యసంఘపు సలహాపై కొన్ని అడవులను రైతుల పంచాయతీలకు అప్పగించి చూచినదే. 1992లో వనసంరక్షణసమితులు వచ్చినవి. 2006లో అటవీహక్కుల చట్టము వచ్చినది. కాగితమునకు కొఱతలేదు. సమితి సభ్యునిచేత కొలతబద్ద పెట్టినవారే కొఱత.

పరిశోధనాలయములు లేవా యందురా? కలవు. 1906లో స్థాపితమైన డెహ్రాడూను సంస్థ మాట అటుంచి, 1938లో మైసూరు ప్రభుత్వము బెంగుళూరులో నెలకొల్పిన అరణ్యపరిశోధనశాలయే నేడు కాష్ఠవిజ్ఞాన సాంకేతికసంస్థగ నున్నది. కుప్పములో రైలెక్కినచో రెండు మూడు గంటల దూరము. చందనముపై వారు చేసిన కృషి లోకప్రసిద్ధము. చందనపు చెట్టు ఒంటరిగా బాగుగ బ్రదుకదనియు, దాని వేరు పొరుగుమొక్క వేరును పట్టుకొని ఆహారము గ్రహించుననియు, కనుక మొదట కందివంటి మొక్కను, పిదప వేఱొక చెట్టును తోడు నాటవలెననియు, చేవ పట్టుటకు ఏండ్లు పూండ్లు పట్టుననియు శాస్త్రము చెప్పుచున్నది. ఇది తెలియక, కొద్దియేండ్లలో కోట్లు వచ్చునను దళారుల మాటలు నమ్మి ఎకరములకు ఎకరములు చందనము, ఎఱ్ఱచందనము నాటిన రైతులు మాయొద్దకు ఒప్పందపు కాగితములు పట్టుకొని వచ్చుచున్నారు. కాగితములో మోసమున్నచో న్యాయస్థానము చూచును. తోడుమొక్క లేక చచ్చిన చందనమునకు ఏ న్యాయస్థానము జీవము పోయును? ఆ విషయము పరిశోధనశాలలో ఏండ్లక్రిందటనే తెలిసియున్నది, ఆంగ్లమున అచ్చయియున్నది. ఆ వాక్యము బెంగుళూరునుండి వి.కోట సంతకు రాలేదు, అంతే.

ఇక్కడనే నాకు కుప్పములోని ద్రావిడ విశ్వవిద్యాలయము గుర్తునకు వచ్చును. 1997లో భాషలకొఱకు స్థాపితమైన ఆ విద్యాపీఠము అరణ్యశాస్త్రపు ఫలితములను తెలుగు, కన్నడ, తమిళములలోనికి తెచ్చినచో మూడు రాష్ట్రముల కూడలిలోనున్న దాని స్థానమునకు అంతకంటె తగినపని ఏమున్నది? గొప్ప గ్రంథములు అక్కరలేదు. నేలకు తగిన చెట్టేది, ఎంత నీరు త్రాగును, ఏ పురుగు పట్టును, ఎన్నియేండ్లకు కోత, ఎవరిని అడుగవలెను అని పదునాఱు పుటల చిన్న పుస్తకములు చాలును. వ్రాయువారు పరిశోధకులే కావలెను, సరిచూచువారు రైతులు కావలెను.

డబ్బెక్కడిదని అడుగువారుందురు. అడవి భూమిని గనులకును, రోడ్లకును ఇచ్చినందులకు బదులుగా వసూలైన ధనమునకు 2016లో ప్రత్యేకముగా చట్టమే చేసిరి. ఆ ధనముతో నాటుట జరుగుచున్నది. అందులో ఒక స్వల్పభాగమును నాటినదానిని పదేండ్లు కొలుచుటకు కేటాయించుడని కోరుట దురాశ కాదు. ఒక పఠనాలయపు సభ్యులు, ఒక కళాశాల వృక్షశాస్త్ర విద్యార్థులు కలసినను కొంత జరుగును. వానకొలత పాత్రకు పెద్ద వెలలేదు. చెట్టు బోదె చుట్టుకొలతను మనిషి రొమ్ము ఎత్తున టేపుతో కొలుచుట విద్యార్థికి ఒక దినములో వచ్చును. మదనపల్లెలో అనిబిసెంటమ్మ 1915లో నెలకొల్పిన కళాశాల కలదు. అందు చదివినవారి పేర్లు గోడలమీద నున్నవి. ఆ యూరి కొండమీది చెట్ల చుట్టుకొలతల పుస్తకము కూడ ఒకటి అచ్చట నుండవలెను.

ప్రతి అరణ్యవిభాగమునకు కొన్నియేండ్లకొకసారి కార్యప్రణాళిక యొకటి వ్రాయబడును. ఏ కొండమీద ఏమి నాటవలెను, ఏది కొట్టవలెను, ఎచ్చట పశువులను విడువవచ్చును అనునది అంతయు అందే యుండును. 2005 నాటి సమాచారహక్కు చట్టముక్రింద పది రూపాయల రుసుముతో ఎవరైనను దానిని అడుగవచ్చును. మదనపల్లె, పుంగనూరు, కుప్పము పఠనాలయములవారు ముగ్గురును వేర్వేఱుగ తమ విభాగపు ప్రణాళికకొఱకు దరఖాస్తు పెట్టవలెనని నా మనవి. దానితోపాటు గడచిన పదేండ్లలో నాటిన మొక్కలెన్ని, జాతులేవి, మూడేండ్లపిదప బ్రదికినవి యెన్ని, లెక్కించినది ఎవరు, ఏ తేదీన అని అడుగవలెను. ముప్పది దినములలో జవాబు రావలెను. రానిచో అప్పీలు వ్రాయుటకు ఆ మూడూళ్లలోను వకీళ్లకు కొదువలేదు.